బెల్లం వెయ్యకముందు ఒక గరిటె

నలభై దాటాక పిల్లని కన్న ఆడదానికి సలహాలకి కొదవుండదు. ఇరవై ఏళ్ళకి కన్నవాళ్ళకి పెద్దవాళ్ళు మాత్రమే చెబుతారు. నాబోటి దానికి పెద్దవాళ్ళూ చెబుతారు, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాళ్ళూ చెబుతారు. "నీకు తెలీదులే అమ్మాయ్" అని వాళ్ళు, "మీకు తెలీదేమో ఆంటీ" అని వీళ్ళు. ఇద్దరికీ సమానంగా తల ఊపడం అలవాటు చేసుకున్నాను. పైగా నేను నవలలు రాస్తానన్న సంగతి వీధిలో అందరికీ తెలుసు. కథల్లో పడి పిల్ల నోట్లో ముద్ద పెట్టడం మరిచిపోతానేమోనని వాళ్ళకో అనుమానం. నిజానికి జరుగుతున్నది దానికి తలకిందులు. నా నవల్లో నాయిక పదకొండో ప్రకరణంలో రైలెక్కి కూర్చుని ఆరు నెలలైంది. పాపం, ఆ రైలు ఇంకా అనకాపల్లి స్టేషను దాటలేదు.

నేను చదివింది బి.ఏ. — చరిత్రా, తెలుగు సాహిత్యమూ. చదివింది ఊళ్ళోని ఏ.ఎం.ఏ.ఎల్. కాలేజీలో. ఆ పేరులో మొదటి మూడక్షరాలూ అనకాపల్లి వర్తకుల సంఘానివి. ఇక్కడ వర్తకమంటే బెల్లమే కనక, నీ డిగ్రీ కూడా బెల్లం పెట్టిన భిక్షే అని మా వారు ఏడిపిస్తూ ఉంటారు. ఆయన పొద్దున్నే రైల్లో విశాఖపట్నం వెళ్ళి రాత్రికి గానీ రారు. కాబట్టి ఏడిపించడానికైనా ఆయనకి దొరికే టైము తక్కువే. పగలంతా ఇంట్లో ఉండేది నేనూ, అత్తయ్యగారూ, ఇరవై రెండు నెలల పాపా, పదింటికి వచ్చి రెండింటికి వెళ్ళే పనమ్మాయీ.

"పిల్లకి వేరే వండుతావా?" అని అడుగుతూంటారు స్నేహితురాళ్ళు. లేదండీ. రెండో వంట వండే ఓపిక ఈ వయసులో నాకు లేదు. ఉన్న వంటలోంచే దాని వాటా తీస్తాను. ఎప్పుడు తియ్యాలన్నదే కిటుకు. ఆనపకాయ పప్పు ఉందనుకోండి. పెసరపప్పూ, ఆనపకాయ ముక్కలూ, చిటికెడు పసుపూ కుక్కర్లో మూడు కూతలు కూస్తాయి. మూత రాగానే, ఇంకా ఏమీ పడకముందే, ఒక గరిటె తీసి పాప గిన్నెలో పోస్తాను. ఆ తర్వాతే మాకు ఉప్పూ, పచ్చిమిరపకాయలూ, చింతపండూ, ఇంగువ పోపూ. దాని గరిటెలో ఒక చెంచా నెయ్యీ, చేత్తో మెదిపిన అన్నమూ. ఏడాది నిండాక ఉప్పు కాస్త తగిలిస్తున్నాను. బీరకాయ అయితే నీరు వదిలి మగ్గాక, కారం చల్లకముందు. చారు పెట్టే రోజున పైకి తేరిన పప్పుకట్టు. ఇడ్లీ పిండిలోంచి ఉప్పు కలపకముందు రెండు గరిటెలు. కోడిగుడ్డు ఉడికించిన రోజు మా కూరలోకి వెళ్ళకుండా ఒకటి ఆగిపోతుంది. ఇలా మా ఇంట్లో ప్రతి వంటకీ మధ్యలో ఒక స్టేషనుంది. అక్కడ పాప దిగిపోతుంది, మేం ముందుకి వెళతాం.

ఒక్క చోడిజావ మాత్రం దానికోసమే కాస్తాను. మా వైపు రాగుల్ని చోళ్ళంటాం. రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండి. చోళ్ళలో వంద గ్రాములకి మూడు వందల మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుందట. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. ఇది చరిత్ర పుస్తకాల్లో ఎవరూ చెప్పలేదు నాకు. మా అత్తయ్యగారికి లెక్క తెలీదు గానీ, "చోడిజావ తాగితే ఎముక గట్టి" అన్నది మాత్రం ఆవిడ పుట్టినప్పట్నించీ తెలుసు.

ఇక అసలు చిక్కు బెల్లంతో.

2022 ఏప్రిల్ 4న మా ఊరు జిల్లా కేంద్రమైంది. కలెక్టరాఫీసు వచ్చింది, బోర్డులు మారాయి. అయినా పైఊరివాళ్ళకి అనకాపల్లి అనగానే నోట్లో నీరూరేది కలెక్టరాఫీసు తలుచుకుని కాదు కదా! 1913లో ఇక్కడ చెరకు కోసం పరిశోధన కేంద్రం పెట్టారంటే, ఈ నేలకీ తీపికీ సంబంధం ఎన్నాళ్ళదో చూడండి. ఈ రోజుల్లో మార్కెట్టు వైపు రిక్షాలో వెళితే కలాసీలు దిమ్మలు మోస్తూంటారు, గాలే తియ్యగా ఉంటుంది. అలాంటి ఊళ్ళో ఇళ్ళల్లో పులుసులో బెల్లం, గుమ్మడికాయ కూరలో బెల్లం, కాకరకాయలో బెల్లం, చింతకాయ పచ్చడికి కూడా ఓ కొసరు. బెల్లం ఇక్కడ మిఠాయి కాదు, ఉప్పులాంటిది.

మా అత్తయ్యగారిది మునగపాక. డెబ్భై తొమ్మిదేళ్ళావిడ. వాళ్ళ నాన్నగారికి చెరకుతోటా, సొంత గానుగా ఉండేవి. ఏడేళ్ళ పిల్లగా పెనం దగ్గర ఆవిడ పని బెండమొక్క కాడలు నలగ్గొట్టడం. ఆ జిగురునీళ్ళు మరిగే చెరకురసంలో పోస్తే మడ్డి పైకి తేలుతుంది, దాన్ని తీసి పారబోస్తారు. పనైపోయాక కూలి ఏమిటంటే, చెరకుముక్క చివర చుట్టి ఇచ్చిన వేడి పాకం. ఈ కథ చెబుతున్నప్పుడు ఇప్పటికీ ఆవిడ వేలు నోటిదాకా వెళుతుంది. అలాంటావిడకి నేను చెప్పాను — పాపకి రెండేళ్ళు నిండేదాకా బెల్లం పెట్టవద్దని.

"పంచదార వద్దంటే అర్థముంది. బెల్లమూ వద్దా?"

పిల్లల డాక్టరుగారు వద్దన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో, ఆరు నెలల నుంచి రెండేళ్ళలోపు పిల్లలకి తీపి ఎక్కువున్న తిండి పెట్టవద్దని చెప్పింది. బెల్లంలో కాస్త ఇనుమూ అదీ ఉన్నా, నూటికి డెబ్భై ఎనభై వంతులు పంచదారే. పిల్లలు తీపి మీద ఇష్టంతోనే పుడతారు, అది నేర్పనక్కర్లేదు. బీరకాయనీ, తోటకూరనీ ఇష్టపడడం మాత్రం నేర్పాలి. ఒక కూర ఉమ్మేస్తే మళ్ళీ మళ్ళీ, పదిసార్లయినా రుచి చూపించాలట. మధ్యలో తీపి చొరబడితే ఇంక బీరకాయ మొహం ఎవరు చూస్తారు? మా పాప పుట్టిన నెలలోనే, 2024 ఏప్రిల్లో, స్విట్జర్లాండులో పబ్లిక్ ఐ అనే సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. పేరున్న పసిపిల్లల డబ్బా తిండిలో అక్కడివాళ్ళకి పంచదార కలపరట, మన దేశంలాంటి చోట్ల కలుపుతారట! అది చదివాక నా పట్టు మరీ బిగిసింది.

ఇదంతా నేను చెబుతూంటే అత్తయ్యగారు విన్నారు. వింటూ చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. ఆఖరికి ఒక్క మాట అన్నారు. "నీకేం అమ్మాయ్, ఆగుతావు. రెండేళ్ళు నిండేసరికి నేనుండాలి కదా."

ఆ మాటకి జవాబు ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గరా లేదు.

పద్దెనిమిదో నెలలో ఉన్నట్టుండి పాప నోరు కట్టేసింది. అంతవరకూ ఏది పెట్టినా తినేది. గిన్నె కనబడగానే తల అటు తిప్పేయడం, ముద్ద పెడితే నాలుకతో బయటికి తోసేయడం. బరువు తొమ్మిది కిలోల రెండు వందల దగ్గర ఆగింది. నెల తిరిగాక తూచినా అదే. పుట్టినప్పటి బరువుకి ఏడాదికల్లా మూడింతలవుతారు, రెండో ఏడు మొత్తానికి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే, ఆకలి తగ్గడం మామూలే అన్నారు డాక్టరుగారు. వచ్చే నెల చూద్దామన్నారు. ఆ నెల రోజులూ ఎలా గడవాలో ఆయన చీటీలో రాయలేదు. ఎదురింటావిడ వచ్చి పాప జబ్బలు పట్టుకు చూసి, "రాతల్లో పడితే ఇంతే" అని నాకు వినబడేలా అత్తయ్యగారితో అంది. పనమ్మాయి మరీ సూటి మనిషి. "ఓలమ్మ, అనకాపల్లిలో పుట్టిన గుంటకి బెల్లం ముక్క నేదేటమ్మా? పెరుగన్నంలో కూసింత కలిపీసి సూడు, గిన్నె నాకీదా?" అంది.

నాకేది వస్తుందంటే నాకు తెలుసు. ఒక్క చెంచాడు కలిపితే పాప తింటుంది. ఆ సంగతి అత్తయ్యగారికి నాకన్నా బాగా తెలుసు. మధ్యాహ్నాలు నేను మేడమీద గదిలో నా రైలుని కదిలించే ప్రయత్నంలో ఉంటాను. కింద పాప, ఆవిడ, బెల్లం జాడీ. కావాలంటే రోజూ పెట్టొచ్చు, నాకు తెలీనే తెలీదు. ఆవిడ పెట్టలేదు. ఎలా తెలుసు అంటారా? ఆవిడ చేసిన పని చెబుతాను, వినండి.

ఒకరోజు పనమ్మాయి పెరట్లో కూచుని చద్దన్నం తింటూంటే పాప వెళ్ళి ఎదురుగా చతికిలబడి, పిచ్చికపిల్లలా నోరు తెరిచింది. నా దగ్గర బిగించిన నోరే! నేను గిన్నె పట్టుకుని వెంటబడితే పారిపోయే పిల్ల, ఎవరో తమపాటికి తాము తింటూంటే దగ్గరికొస్తుందని అప్పుడు తెలిసింది. ఆ మర్నాటినించీ పాపకి వేరే గిన్నె, వేరే టైము ఎత్తేశాం. పన్నెండున్నరకి అత్తయ్యగారు భోజనానికి కూర్చుంటే పక్కనే పీట. ఆవిడ కలుపుకుంటూ తన ముద్ద తాను తింటారు, దాన్ని పిలవరు, బతిమాలరు. అదే వచ్చి చెయ్యి చాపుతుంది. ఆవిడ కంచంలోంచి చిన్న ముద్ద దాని అరచేతిలో. ఎంత తిన్నదన్నది ఎవరూ లెక్కపెట్టరు.

నాలుగో రోజో అయిదో రోజో గుమ్మడికాయ పులుసు పెట్టాను. పాప గరిటె ముందే తీశాను, తర్వాత అలవాటుగా బెల్లం జాడీ అందుకున్నాను. అత్తయ్యగారు గుమ్మంలోంచి, "అమ్మాయ్, నాకూ ముందే తీసీ. పిల్ల నా కంచంలోదే కదేటి తింటోంది" అన్నారు.

"మీకు సయించదేమో అత్తయ్యగారూ, మీకు వేరే గిన్నెలో..."

"రెండు గిన్నెలు పెట్టుకుంటే దాని చెయ్యి ఏ గిన్నెలోకెళ్తదో నువ్వు కాపలా కాస్తావేటి?"

అప్పట్నించీ డెబ్భై తొమ్మిదేళ్ళావిడ, పాకం తాగి పెరిగిన మనిషి, బెల్లం లేని పులుసు తింటున్నారు. కారం కూడా తగ్గించేశారు. మొదటి రోజు ముద్ద నోట్లో పెట్టుకుని ఒక క్షణం ఆగి, గుమ్మడికాయకే కాస్త తీపి ఉందిలే అన్నారు. నాతో అన్నారో, తనతో అనుకున్నారో! మా వారికీ నాకూ మాత్రం మామూలు పులుసే. నేను కూడా మానేస్తానంటే కేకలేశారు — ఇంటికి ఒకళ్ళు మానేస్తే చాలదా అని.

తీపి పెట్టాలన్న తహతహ ఆవిడకి పోలేదు. దారి మార్చుకుందంతే. పెరట్లో నీళ్ళకాగు కింద నిప్పుల్లో చిలగడదుంప కప్పెట్టి, మెత్తగా కాలాక తొక్క ఒలిచి, ఊదుకుంటూ పెడతారు. సీతాఫలాల రోజుల్లో ఒక్కొక్క గింజా తీసి గుజ్జు పెట్టారు. తరవాతి నెల తూకంలో పాప తొమ్మిదీ అయిదు వందలు. ఇప్పుడు పది దాటింది.

సంక్రాంతి మాత్రం మాకు గండంగానే గడిచింది. అరిసెల పాకం వాసన వీధంతా. భోగినాడు సాయంత్రం పాపకి భోగిపళ్ళు పోశాం. రేగుపళ్ళూ, చిల్లర డబ్బులూ, బంతిరెక్కలూ, మధ్యలో చెరకుముక్కలు. నెత్తిమీంచి జారిన ఒక చెరకుముక్క చటుక్కున అందుకుని నోట్లో పెట్టేసుకుంది! పిప్పి గొంతుకి అడ్డం పడుతుందని నేను వేలు పెట్టి లాగేసరికి రసం కాస్తా మింగింది. కళ్ళు ఇంతలేసి చేసింది. పేరంటాళ్ళందరూ నావైపు చూశారు. అత్తయ్యగారు రెండు చేతులూ పైకెత్తి చూపించారు. "నేను పెట్టలేదు. భోగి పెట్టాడు."

మూడు వారాల కిందట మునగపాక నుంచి ఆవిడ మేనల్లుడు ఒక బెల్లం అచ్చు తెచ్చి ఇచ్చాడు. రంగు కోసం హైడ్రోసూ అదీ కలపకుండా, ప్రత్యేకం ఆవిడ చెప్పి వండించుకున్నది. మట్టిరంగులో ఉంది. మార్కెట్టుకి తీసుకెళితే మూడో రకం కింద కడతారు. ఆవిడ దాన్ని గుడ్డలో చుట్టి, పాత పింగాణీ జాడీలో పెట్టి, చీమలు పట్టకుండా నీళ్ళపళ్ళెంలో నిలబెట్టారు. రోజూ మూత తీసి చెమ్మ పట్టిందేమో చూసి మళ్ళీ మూసేస్తారు. పాప కూడా పక్కన నిలబడి చూస్తుంది, ఏదో దేవుడి పెట్టె అన్నట్టు.

మా పాప శ్రీరామనవమి మర్నాడు పుట్టింది. డాక్టరుగారి లెక్క ప్రకారం రెండేళ్ళు నిండేది ఏప్రిల్ 18న. అత్తయ్యగారి లెక్క తిథి. చైత్ర శుద్ధ దశమి ఈ ఏడు మార్చి నెలాఖరుకే వస్తుంది. అంటే మూడు వారాలు ఆవిడకి లాభం. పుట్టినరోజు తిథి ప్రకారమే చెయ్యాలని మా వారు ఆవిడ పక్షం చేరారు. సరే, మూడు వారాల దగ్గర నేను పట్టుబట్టదలుచుకోలేదు. కానీ నిన్న చిక్కుడుకాయలు వలుస్తూ ఆవిడ మరో మెలిక పెట్టారు — నవమినాడు దేవుడికి పానకం చేస్తాం కదా, ప్రసాదం పిల్ల నోట్లో ఒక చుక్క వెయ్యమా? దశమికి ఒక్కరోజే కదా ముందు?

చూద్దాం లెండి అన్నాను. పొద్దున్న వంటింట్లోకి వెళితే తలుపుకి వేలాడే క్యాలెండరులో మార్చి పేజీ తిప్పి ఉంది. నవమి గడి చుట్టూ ఎవరో పసుపు వేలితో గుండ్రంగా గీశారు. ఎవరని నేను అడగలేదు. పప్పు కుక్కర్లో పెట్టాను.