తువ్వాలు ఆరేలోపు

ఏవండీ వదినగారూ, ఆ తువ్వాలు గట్టిగా పిండి ఆరేశారా, నీళ్లోడుతూనే వేసేశారా? ఏం లేదు, ఊరికే అడిగాను. టైమెంతయిందో ఒకసారి చూసి పెట్టుకోండి, ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఈ గిన్నె అందుకోండి. మామిడికాయ పప్పు. ఉప్పు తక్కువైందని మా ఆయన తేల్చేశారు, తేలుస్తూనే సగం ఖాళీ చేశారు.

రాత్రి నిద్ర లేదని మీ కళ్లే చెబుతున్నాయి. వచ్చి పది రోజులేగా, పైగా మే నెల. రోహిణి కార్తె ఇంకా రానేలేదు! మేమూ మీలాగే 'పెంట్‌హౌస్' అని బోర్డు చూసి ఏదో అనుకుని దిగిపోయాం. హైదరాబాదులో పెంట్‌హౌస్ అంటే, ఇల్లంతా కట్టగా మిగిలిన ఇటుకలతో డాబా మీద లేపిన రెండు గదులని దిగాక తెలిసింది. గాలి బాగా వస్తుందన్నాడు బ్రోకరు. వస్తుంది, కాదనను. పొయ్యి మీదుగా వస్తుంది.

ఏవిటీ, అన్నయ్యగారు ఆదివారం ఏసీ తెచ్చేస్తానంటున్నారా? ఒక్క వారం ఆగమనండి. మేం రెండు వేసవులు కాలి నేర్చుకున్నది ఈ పిట్టగోడ మీదే చెప్పేస్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

ముందు ఒక పని చేయండి. ఇవాళ రాత్రి పదకొండింటికి ఫ్యాను ఆపేసి, స్టూలెక్కి, పైకప్పుకి అరచెయ్యి ఆనించండి. దించి పక్కన పెట్టిన అట్లపెనంలా ఉంటుంది. బయటేమో ఆ వేళకి కాస్త చల్లబడి ఉంటుంది. మరి గదిలో ఉడుకెందుకంటే, పగలంతా ఎండ తాగిన స్లాబు ఆ వేడిని తీరిగ్గా రాత్రి మన నెత్తిన పోస్తుందన్నమాట. ఫ్యాను పాపం ఏం చేస్తుంది? పైనున్న వేడిగాలిని కిందికి తోస్తుంది. కాబట్టి మనం ముందు మందు వెయ్యాల్సింది గదికి కాదు, కప్పుకి.

సున్నం కొట్టించాం. ఓనరు గారిని అడిగితే, 'కొట్టించుకోండమ్మా, నాకేం అభ్యంతరం లేదు' అన్నారు. అభ్యంతరమూ లేదు, డబ్బులూ లేవు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ ఒకటి తెచ్చింది కదండీ, 2028 కల్లా రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు ఇలా చల్లబరచాలని, అందులో 200 మన హైదరాబాదులోనేనని. మా ఆయన అది పట్టుకెళ్లి చూపించారు. ఓనరు గారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, 'ఇళ్లకైతే ఆరొందల గజాలు, ఆ పైన ఉంటేనే తప్పనిసరట. మనది నూట యాభై గజాలే కదా' అని పాయింటు లాగారు. అంత శ్రద్ధగా మా అద్దె అగ్రిమెంటు కూడా చదవలేదు ఆయన.

సరేనని మేమే పెట్టుకున్నాం. సున్నం, బంక, పెద్ద బ్రష్షు అన్నీ కలిపి వెయ్యి దాటలేదు. కూల్ రూఫ్ పెయింట్లు వేరే ఉన్నాయి, అవి ఎక్కువ కాలం ఉంటాయి, ఖరీదూ అంతే ఉంటుంది. అద్దింటికి సున్నం చాలు. వానలకి కొట్టుకుపోతుంది, ఉగాది వెళ్లగానే మళ్లీ ఒక పూత. ఒట్టి చేతులతో మాత్రం కలపకండి, నావి పొక్కిపోయాయి. నూట యాభై పెట్టి గోడకి తగిలించే థర్మామీటరు కొన్నాడు మా వాడు. రాత్రి పదింటికి 37 చూపించేది, రెండు పూతలయ్యాక 34కి దిగింది. మూడు డిగ్రీలేనా అంటారా? జ్వరం మూడు డిగ్రీలు దిగితే ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి.

రెండోది, ఆ పడమటి కిటికీ. లోపల మందం కర్టెను కట్టారు, చూశాను. బాగుంది గానీ, ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక కర్టెను ఆపి లాభమేంటండీ, వేడి అప్పటికే ఇంట్లో చుట్టమై కూర్చుంది. అడ్డం బయట కట్టాలి. నర్సరీల్లో మొక్కల మీద కడతారే, ఆ ఆకుపచ్చ నెట్టు, రెండు మడతలు వేసి కట్టించండి. పగలు కిటికీలు మూసెయ్యండి. రాత్రి తొమ్మిది దాటాక అన్నీ తెరిచి, టేబుల్ ఫ్యాను మొహం బయటికి తిప్పి కిటికీలో పెట్టండి. నవ్వకండి, మా అత్తగారూ ఇలాగే నవ్వారు, 'వీధికి విసురుతున్నావా' అని. గదిలో వేడిగాలి అటు పోతుంది, వెనక గుమ్మంలోంచి చల్లగాలి ఇటు వస్తుంది. అరగంట తర్వాత మామూలుగా తిప్పుకోండి.

ఇక కూలరా, ఏసీనా అన్న సంగతి. నేను తెనాలి పిల్లనండీ, కూలరంటే నాకు పరమ అసహ్యం. మా నాన్నగారు ఒకటి కొన్నారు, ఇంత పెద్ద ఇనప డబ్బా. మే నెలలో అది తిరుగుతుంటే ఉక్క ఇంకా పెరిగేది. ఒళ్లంతా జిడ్డు, దుప్పటి చెమ్మ, డబ్బాలో అప్పడాలు మెత్తబడేవి. అందుకే ఇక్కడికొచ్చిన మొదటేడు, 'ఏసీ కొంటే కొనండి, కూలరు మాత్రం గుమ్మం దాటనివ్వను' అన్నాను.

కింది వాటాలో నిజామాబాద్ ఆంటీ ఉంటారు, ఇంకా పరిచయం కాలేదేమో. నా మాట విని ఆవిడ ఏమీ వాదించలేదు. మన దండెం వైపు చూపించి, 'బట్టలు ఎంతసేపట్ల ఆరుతున్నయ్ బిడ్డా?' అన్నారు. గంటలో ఆరిపోతున్నాయన్నాను. 'మీ ఊళ్లె?' ఎండ ఎంత కాసినా లుంగీ అంచు మధ్యాహ్నం దాకా చెమ్మగానే ఉండేదన్నాను. 'అంతే మరి. బట్ట జల్ది ఆరేకాడ కూలర్ వెట్టాలె, ఆరనికాడ ఏసీ వెట్టాలె. గంతే!'

ఇంటర్ ఎంపీసీ చదివే మా వాడు దానికి లెక్క చెప్పాడు. లీటరు నీళ్లు ఆవిరవ్వడానికి రమారమి ఒక యూనిట్ కరెంటులో మూడింట రెండొంతులంత వేడి కావాలట. కూలరు గడ్డిలోంచి గాలి దూరినప్పుడు నీళ్లు ఆ వేడిని గాలిలోంచే లాక్కుంటాయి, గాలి చల్లబడుతుంది. అయితే ఆ గాలికి నీళ్లు తాగే దాహం ఉండాలి. తెనాల్లో చుట్టూ కాలవలు, అవతల సముద్రం. అక్కడి గాలి ముందే కడుపునిండా తాగి వస్తుంది. హైదరాబాదు మే నెల గాలి వట్టి నోటితో వస్తుంది. అందుకే విశాఖలో ఉన్న మా చెల్లెలికి కూలరు కొనమని నేను ఛస్తే చెప్పను, మీకు చెబుతున్నాను.

అయితే కూలరు పెట్టుకోవడం కూడా తెలియాలి. కొన్న కొత్తలో ఏసీకి లాగా తలుపులూ కిటికీలూ బిగించాను. గంటకల్లా గది చాకిరేవైంది. కూలరు కిటికీ బయట ఉండాలి, వీపు వీధికి. ఎదురుగా ఇంకో కిటికీయో తలుపో తెరిచి ఉండాలి. తడిగాలి అటు పోతేనే పొడిగాలి ఇటు వస్తుంది. ఐసు ముక్కలు వేయడం పిల్లల సరదాకి తప్ప ఎందుకూ కొరగాదు. కిలో ఐసు కరిగినప్పుడు లాక్కునే వేడికి ఏడింతలు, లీటరు నీళ్లు ఆవిరైనప్పుడు లాక్కుంటాయట. ఫోనుల్లో చూపిస్తారే, టేబుల్ మీద పెట్టుకునే చారెడు కూలరు, 'గదంతా మంచుకొండ' అని, దానికి మాత్రం పడకండి. మా మరిది పడ్డాడు. ఇప్పుడది వాళ్ల పాపాయి బొమ్మలింట్లో ఉంది.

ఇంకోటి, ఇది మాత్రం చెవిలో వేసుకోండి. ఇనప బాడీ కొనకండి, ప్లాస్టిక్‌దే కొనండి. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగు ఉన్న సాకెట్టే వాడండి. నీళ్లు పోసేముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. ఏటా ఎండాకాలంలో కూలరు షాకుతో ప్రాణాలు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. మా గదిలో సాకెట్టుకి మూడో కన్ను ఉంది గానీ, దాని వెనక తీగే లేదు! ఎలక్ట్రీషియన్ విప్పి చూపిస్తే నా గుండె జారింది. ముందు అది వేయించాకే కూలరు. వారానికోసారి నీళ్లు మొత్తం పారబోసి, తొట్టి తుడిచి ఆరబెట్టండి, లేకపోతే డెంగ్యూ దోమల్ని మనమే పెంచుతున్నట్టు. బోరు నీళ్లకి గడ్డి మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, అప్పుడప్పుడూ కడుక్కోవాలి.

ఖర్చా? రండి, లెక్కేద్దాం. మన ఇళ్లల్లో ఫ్రిజ్జూ ఫ్యాన్లూ మోటారూ కలిపి నెలకి 120 యూనిట్లు అనుకోండి. కూలరు 180 వాట్లు, రాత్రికి పది గంటలు తిప్పినా నెలకి 54 యూనిట్లు. మొత్తం 174. ఒక టన్ను ఏసీ ఆగుతూ సాగుతూ గంటకి ముప్పావు యూనిట్ తాగిందనుకున్నా, రాత్రికి ఎనిమిది గంటలు, నెలకి 180. మొత్తం 300. ఇప్పుడు చూడండి తమాషా. మన తెలంగాణ టారిఫ్‌లో 200 యూనిట్ల లోపుంటే మొదటి వందకి యూనిట్ 3.40, రెండో వందకి 4.80. రెండొందలు దాటిందా, మొదటి యూనిట్ నుంచి రెండొందల దాకా 5.10, ఆపైన మూడొందల దాకా 7.70! 174 యూనిట్లకి 695 రూపాయలు, 300కి 1,790. కస్టమర్ ఛార్జీలూ గట్రా కాకుండానే. 200 యూనిట్లకి 820 అయ్యేది 201 దగ్గర వెయ్యిన్నీ ఇరవై ఎనిమిది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండొందల పైచిలుకు, బంగారమే నయం.

మీకు పాత ఇంట్లో గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చేదన్నారుగా? అయితే ఇంకా జాగ్రత్త. 200 లోపుంటేనే జీరో, దాటితే మొత్తం కట్టాలి. మీ లెక్కలో ఏసీ అంటే నెలకి సున్నా నుంచి 1,790కి ఎగరడం. ఇక్కడి మీటరు నంబరు కూడా మార్పించుకోండి, అద్దెకున్నవాళ్లకీ వర్తిస్తుంది. ఇంకా కాస్త మిగుల్చుకోవాలంటే ఆ పాత ఫ్యాను తీసి బీఎల్‌డీసీ ఫ్యాను వేయించండి. పాతది 75 వాట్లు లాగుతుంది, ఇది ముప్ఫై చిల్లర. ఇల్లు మారినప్పుడు విప్పుకుని పోవచ్చు, ఓనరు పాత ఫ్యాను ఆయనకి బిగించి.

కరెంటు పోతే ఇన్వర్టరు మీద కూలరు తిరుగుతుంది, ఏసీ తిరగదు. అదొకటి.

అలాగని ఏసీ పాపమేం కాదండీ. ఆయాసం ఉన్న పెద్దవాళ్లున్నా, చంటిపిల్లలున్నా, రోడ్డు దుమ్ముకి కిటికీ తెరవలేకపోయినా అదే గతి. కొంటే విండో ఏసీ కొనండి, మన కిటికీలకి పడుతుందో లేదో కొలుచుకుని మరీ. ఒకటే పెట్టె, ఇల్లు మారితే ఆటోలో వేసుకుని పోవచ్చు. స్ప్లిట్ అయితే గోడకి బెజ్జం, దానికి ఓనరు మొహం, మారిన ప్రతిసారీ విప్పుడు కూలీ, బిగింపు కూలీ, రాగి పైపు, గ్యాసు. మా తమ్ముడు నాలుగేళ్లలో మూడిళ్లు మారాడు, ఆ విప్పుళ్లకీ బిగింపులకీ ఇంకో సగం ఏసీ వచ్చేది. టన్నంటే బరువనుకునేదాన్ని, టన్ను ఐసు ఒక రోజులో కరిగి ఇచ్చే చల్లదనమట. పదీ పన్నెండు గదికి మామూలుగా ఒక టన్ను చాలు. మనలా నెత్తిన స్లాబు ఉడుకుతుంటే షాపువాడు ఒకటిన్నర అంటాడు. ముందు కప్పుకి సున్నం కొట్టుకుంటే ఒకటితో సరిపోవచ్చు. ఆ వెయ్యి రూపాయల సున్నం ఎక్కడ కలిసొస్తుందో చూశారా? పెట్టాక 24 దగ్గర ఉంచి ఫ్యాను వేసుకోండి. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేస్తే ముందు 24 దగ్గరే మొదలవుతున్నాయి, ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు రమారమి ఆరు శాతం తగ్గుతుందంటారు.

జూన్‌లో వానలు మొదలయ్యాక కూలరు పనిచెయ్యదని మీకెవరైనా చెబుతారు. నిజమే, అప్పుడు గాలికి దాహం ఉండదు. మేం నీళ్ల పంపు ఆపేసి వట్టి ఫ్యానుగా తిప్పుకుంటాం, ఆపైన మూత పెట్టి ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటాం. ఎనిమిది నెలలు అది మాకు బల్లే.

అయ్యో, కుక్కరు మూడో కూత వేసేసింది! పప్పు గిన్నె తర్వాతిద్దురుగానీ, ముందు ఆ తువ్వాలు పట్టి చూడండి. అంచు కూడానా? టైమెంతయింది? ముప్పావుగంటేనా! ఇక నన్నేం అడగకండి. అన్నయ్యగారికి కూడా ఆ తువ్వాలే ఇచ్చి మొహం తుడుచుకోమనండి, ఏది కొనాలో ఆయనకే తెలుస్తుంది.