దండెం మీద పాల కవర్లు

కాట్పాడిలో రాత్రి మంగళూరు మెయిలు ఎక్కితే తెల్లవారే వేళకు రైలు పాలక్కాడు కనుమ దాటి షొర్నూరు చేరుతుంది. అక్కడి నుంచి కొంత దూరం భారతప్పుళ నది పక్కపక్కనే వస్తుంది. తిరూరు వరకు ఒక ఊరు ఎక్కడ ముగిసిందో, మరొకటి ఎక్కడ మొదలైందో కిటికీలో నుంచి చూసే మనిషికి అంతుపట్టదు. కొబ్బరి చెట్ల నీడన ఇల్లు, ఆ ఇంటిని ఆనుకుని మరో ఇల్లు, దాదాపు ప్రతి పెరటిలో ఒక బావి. 2011 జనాభా లెక్కల ప్రకారం కేరళలో చదరపు కిలోమీటరుకు 860 మంది నివసిస్తున్నారు. అదే లెక్కల్లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సంఖ్య 308. ఇంతమంది వండుకుని, తిని, విప్పి పారేసేదంతా ఎక్కడికి పోతున్నదన్న ప్రశ్న ఆ ప్రయాణంలోనే మా మనసులో కలిగింది. మా సీమలో రైలు ఏ పట్టణాన్ని సమీపించినా ముందుగా స్వాగతం పలికేది ఆ పట్టణపు చెత్తకుప్పే కదా!

మా మదరసాలో అక్షరాలు దిద్దుకున్న ఒక విద్యార్థి, పుంగనూరులో కేరళ ఉలమాల ఆధ్వర్యంలో నడిచే కళాశాలలో చదువు ముగించుకుని, పై చదువుకు మలప్పురం జిల్లా చెమ్మాడ్‌లోని దారుల్ హుదాకు వెళుతున్నాడు. అతనికి తండ్రి లేడు. తల్లి మా పట్టణంలో పారిశుద్ధ్య కార్మికురాలు. పనికి సెలవు దొరకక ఆమె రాలేకపోయింది. పెద్దల తరఫున మేము వెంట వెళ్లాము. చెమ్మాడ్‌కు సమీపంలోని ఒక గ్రామ పంచాయతీలో మాకు చిరకాల పరిచయం ఉన్న ఉస్తాద్ ఒకరు ఉన్నారు. నాలుగు రోజులు వారింటనే బస చేశాము.

మొదటి ఉదయం వుజూ కోసం పెరటిలోకి వెళ్లగానే ఒక దృశ్యం మమ్మల్ని నిలిపివేసింది. దండెం మీద పిల్లల చొక్కాల పక్కన ఖాళీ పాల కవర్లు వరుసగా క్లిప్పులు పెట్టి ఆరవేసి ఉన్నాయి. మిల్మా పాల కవర్లు, వాటి పక్కన బిస్కెట్ల కవరు ఒకటి, నూనె ప్యాకెట్లు రెండు. ఇంట్లో ఎవరో పసిపిల్లవాడు ఆడుకుంటున్నాడేమో అనుకున్నాము. ఉస్తాద్ నవ్వి, ఇది ఈ ప్రాంతంలో ప్రతి ఇంటి దండెమేనని చెప్పారు. ప్లాస్టిక్‌ను కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, ఒక సంచిలో దాచి, నెలకొకసారి వచ్చే వారికి అప్పగించాలి. మురికిగా ఉంటే తీసుకోరు.

మాది తహారత్ ప్రకరణం బోధించే వృత్తి. పారే నది ఒడ్డున కూర్చున్నా నీటిని వృథా చేయరాదన్న దైవప్రవక్త (స) బోధనను ఏటా పిల్లలకు చెబుతాము. కనుక పారవేసే కవరును కడగడానికి నీళ్లు ఖర్చు చేయడం తగునా అని అడిగాము. సమాధానం లోపలి నుంచి ఉస్తాద్ ఇల్లాలు పంపారు: గిన్నెలు తొలిచిన చివరి నీళ్లతోనే కవర్లు కడుగుతామని, ఆ నీరు అరటి మొక్కలకు పోతుందని. మా ప్రశ్న అక్కడితో తీరిపోయింది.

వంటింటి తడి చెత్తను ఎత్తుకుపోవడానికి ఆ ఊరికి బండి రాదు. రావాలని ఎవరూ కోరడం లేదు కూడా. బావులకు దింపే సిమెంటు వర ఒకటి పెరటి మూలన భూమిలో కొంత పాతి, పైన మూత వేసి ఉంది. కూరగాయల తొక్కలు, చేపల పొలుసులు, మిగిలిన అన్నం అందులో పడతాయి. పడిన ప్రతిసారీ పైన ఒక దోసెడు కొబ్బరి పొట్టు చల్లుతారు. ఆ పొట్టులో కుళ్లబెట్టే సూక్ష్మజీవులను ముందే కలిపి సంచులలో అమ్ముతారు. పొట్టు తేమను పీల్చుకుంటుంది, గాలి ఆడేలా చూస్తుంది. అందువల్ల దుర్వాసన రాదు, ఈగ ముసరదు. చేపల పొలుసులు వేసిన మరునాడు కూడా మూత తీయించి చూశాము. తడి మట్టి వాసన తప్ప మరేమీ లేదు. స్థలం లేని ఇళ్లవారు బకెట్ల వంటి డబ్బాలు వాడుతున్నారు. కొందరికి వంట గ్యాసు ఇచ్చే చిన్న బయోగ్యాస్ తొట్లున్నాయి.

ఇదంతా ఆ ప్రజల సహజ సుగుణమేనా? అలా చెబితే సగం మాటే అవుతుంది. ఇది వారికి తప్పనిసరై వచ్చింది. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురిసే నేల అది. మా రాయలసీమ వర్షానికి నాలుగైదు రెట్లు. ఎక్కడ చెత్త కుప్ప పోసినా వానకు దాని రసం నేలలోకి దిగి పక్కింటి బావిలో తేలుతుంది. ఊరి వెలుపల అనదగిన ఖాళీ స్థలమే లేదు. ఒకరి ఊరి వెలుపల మరొకరి ఇంటి వాకిలి. తిరువనంతపురం నగరం తన చెత్తను విళప్పిల్‌శాల అనే గ్రామానికి తరలించింది. దుర్గంధం, కలుషితమైన నీరు భరించలేని ఆ గ్రామస్థులు ఏళ్ల తరబడి పోరాడి, 2011 డిసెంబరులో ఆ కేంద్రానికి తాళం వేయించారు. కొచ్చి నగరపు చెత్త చేరే బ్రహ్మపురంలో 2023 మార్చి 2న అంటుకున్న మంటలు పది రోజులకు పైగా ఆరలేదు. నగరమంతా పొగతో నిండిపోయింది, బడులకు సెలవులిచ్చారు. దూరాన పడవేస్తే పీడ విరగడవుతుందన్న నమ్మకం ఆ రాష్ట్రంలో అలా కూలిపోయింది. మాకు ఖాళీ భూమి ఎక్కువ. అందుచేత ఆ నమ్మకం ఇంకా చెక్కుచెదరలేదు.

మూడవ రోజు సంచి అప్పగించే రోజు. ఉదయం తొమ్మిదింటికి ఆకుపచ్చ కోట్లు ధరించిన ఇద్దరు స్త్రీలు గేటు తీసుకుని వచ్చారు. వీరిని హరిత కర్మ సేన అంటారు. 1998 మేలో నాటి ప్రధాని వాజ్‌పేయి ఇదే మలప్పురంలో ప్రారంభించిన కుటుంబశ్రీ మహిళా సంఘాల నుంచే వీరిలో అత్యధికులు వచ్చారు. ఇద్దరిలో ఒకరు హిందువు, పిల్లలు ఆమెను చేచ్చి అన్నారు. రెండవ ఆమె మాప్పిళ ముస్లిం. ఆమెను 'తాత్త' అని పిలిచారు. మలబారులో అక్కను అలా పిలుస్తారట. నడివయసు స్త్రీని తాత అంటున్నారేమిటని మేము తెల్లబోవడం చూసి మా విద్యార్థి నవ్వు ఆపుకోలేకపోయాడు.

గేటు పక్క గోడకు అతికించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చదివించారు. సంచిలో చేయి పెట్టి తడి ఉందేమో చూశారు. 50 రూపాయలు తీసుకుని రశీదు ఇచ్చారు. గోడకు వేలాడే కాగితంలో ఏ నెలలో ఏమి ఇవ్వాలో ఉంది. ప్లాస్టిక్ ప్రతి నెలా తీసుకుంటారు. గాజు, చెప్పులు, సంచులు, పాత బట్టలు, పాడైన బల్బులు, ఫోనులకు వేర్వేరు నెలలున్నాయి. ఇల్లాలు వారికి అరుగు మీద కుర్చీలు వేసి నిమ్మరసం ఇచ్చారు. మాకు కేటాయించిన గాజు గ్లాసుల వంటి గ్లాసులలోనే ఇచ్చారు. ఈ సంగతిని ప్రత్యేకంగా రాయవలసి రావడమే మాకు కొంత కష్టంగా ఉంది.

మా విద్యార్థికి పుంగనూరులోని గురువుల వల్ల మలయాళం అబ్బింది. అంతవరకు మౌనంగా ఉన్నవాడు తాత్త దగ్గరకు వెళ్లి, "అందరూ నిజంగా కడిగే ఇస్తారా?" అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇవ్వరు మోనే. మొదటి రోజుల్లో పది ఇళ్లలో ఇద్దరు ముగ్గురే ఇచ్చేవారు. కొందరు గేటే తీసేవారు కాదు. చెత్త ఎత్తడానికి వచ్చినవారికి డబ్బు కూడా ఇవ్వాలా అని కుక్కను వదిలిన వారున్నారు. వద్దని సంచి తిరిగి ఇచ్చేసేవాళ్లం. రెండు నెలలు ప్లాస్టిక్ ఇంట్లోనే పేరుకుపోతే మూడో నెల కడిగారు." ఆ తరువాత ఆమె చేతి తొడుగు తీసి, అరచేతి మీది పాత గాటు ఒకటి చూపించింది. పగిలిన సీసా అట.

అతను దానినే చూస్తూ ఉండిపోయాడు. అతని తల్లి చేతులు ఎలా ఉంటాయో మాకు తెలుసు. మా పట్టణంలో బండి వెనుక నిలబడి, ఇళ్ల నుంచి వచ్చిన సంచులను చేతులతో విప్పి తడి, పొడి వేరు చేసేది ఆమే. పులిసిన సాంబారులో పసిపిల్లల డైపరు, దానికింద షేవింగ్ బ్లేడు, ఎవరో మధుమేహ రోగి వాడిన సూది. గత సంవత్సరం అటువంటి సూది గుచ్చుకుని ఆరు నెలల పాటు రక్త పరీక్షల చుట్టూ తిరిగింది. అల్లాహ్ దయవల్ల ఏ కీడూ సోకలేదు. ఆ సూది ఏ ఇంటి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఒక ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, విడిగా ఇవ్వవలసిన వస్తువు అది. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు కూడా తడి, పొడి, హానికర వ్యర్థాలు మూడింటిని ఇంటివారే వేరు చేసి ఇవ్వాలని నిర్దేశించాయి.

మధ్యాహ్నం ఆ స్త్రీల వెంట వెళ్లాము. సంచులు ముందుగా వీధి చివర ఇనుప జాలీ గదిలోకి, అక్కడి నుంచి ఆటోలో పంచాయతీ షెడ్డుకు చేరుతాయి. షెడ్డులో పొడవాటి బల్ల ముందు ఎనిమిది మంది స్త్రీలు నిలబడి రకరకాలుగా ఏరుతున్నారు. పాల కవర్లు ఒక గోనెలో, నీళ్ల సీసాలు మరొకదానిలో, గట్టి డబ్బాలు వేరొకచోట. కడిగి ఆరినవి కొనేవారికి పోతాయి. పలుచటి సంచులను ముక్కలు చేసి రోడ్డు తారులో కలుపుతారు. ఎందుకూ పనికిరాని చిప్స్ ప్యాకెట్ల వంటివి సిమెంటు కర్మాగారాల కొలిమికి ఇంధనంగా వెళతాయి. తడి తగిలిన ప్లాస్టిక్ గోనెలో బూజు పట్టి, కొనేవాడు లేక, ఈ చివరి కుప్పలోనే చేరుతుందని షెడ్డు పెద్ద చెప్పారు. దండెం మీది క్లిప్పు విలువ ఆ బల్ల ముందు నిలబడితేనే అర్థమవుతుంది.

మలప్పురాన్ని ఆదర్శ లోకంగా చిత్రించడం మా ఉద్దేశం కాదు. ఫజర్ తరువాత నడకకు వెళితే రెండు మూడు ఇళ్ల వెనుక ప్లాస్టిక్ కాల్చుతున్న వాసన మాకే తగిలింది. మంపురం దర్గా పక్కన పారే కడలుండి నది ఒడ్డున, రాత్రి వేళ వాహనంలో నుంచి విసిరిన మూటలు కనిపించాయి. నెలకు 50 రూపాయలు తప్పనిసరి కాదని వాదించినవారు అక్కడా ఉన్నారు. డైపర్లకు అక్కడి ఊళ్లలోనూ సరైన దారి ఇంకా దొరకలేదు. చంటిబిడ్డ ఉన్న ఇల్లాలిని అడిగితే తల దించుకుంది, పాపం.

మాకు అన్నింటికన్నా నచ్చింది మహల్లు కమిటీల తీరు. అక్కడ మసీదు కమిటీ అనుమతి లేకుండా నికాహ్ జరగదు. ఆ పలుకుబడిని కొన్ని కమిటీలు ఇందుకు కూడా వినియోగిస్తున్నాయి. విందులో ప్లాస్టిక్ గ్లాసులు, పలుచటి పళ్లేలు వాడరాదని నికాహ్ పత్రం ఇచ్చేటప్పుడే చెబుతాయి. కమిటీ గదిలో వందల కొద్దీ స్టీలు గ్లాసులు ఉంటాయి. ఎవరింట శుభకార్యమైనా తీసుకెళ్లి తోమి తిరిగి ఇవ్వాలి. మన వలీమాల మరునాడు షాదీఖానా వెనుక గుట్టలను గుర్తుచేసుకోండి. ఆ గుట్టను ఎత్తేవారు కూడా ఒక తల్లి కన్న బిడ్డలే.

మా రాష్ట్రంలో ప్రయత్నమే జరగలేదని అనడం న్యాయం కాదు. 2021 అక్టోబరు 2న క్లాప్ కార్యక్రమం మొదలై, పట్టణాలలో ఇంటికి మూడు బుట్టలు పంచారు. నెలవారీ రుసుము పెట్టగా, 'చెత్త పన్ను' అన్న పేరు పడి, ప్రజాగ్రహానికి గురై 2024లో రద్దయింది. బుట్టలు మాత్రం మిగిలాయి. ఒకటి బియ్యానికి, ఒకటి ఉల్లిపాయలకు, మరొకటి స్నానాల గదికి. రుసుము ఉండాలా వద్దా అన్నది ప్రభుత్వాల విషయం. కడగడానికి ప్రభుత్వం అవసరం లేదు.

దారిలో నుంచి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాస శాఖలలో ఒకటని మదరసా పిల్లలందరికీ తెలుసు. ఆ వస్తువును తొలగించి మరొకరి చేతిలో పెడితే ఏమవుతుందని పై తరగతి విద్యార్థులను అడిగాము. ఒక గంట వాదించుకున్నారు. మంచి పాఠమే జరిగింది.

మదరసా వంటశాలకు రోజూ ఇరవై నాలుగు పాల ప్యాకెట్లు వస్తాయి. బావి పక్కన తీగ కట్టించాము. వంట మనిషి రెండు రోజులు గొణిగాడు, మూడవ రోజు నుంచి పిల్లలే వంతులు వేసుకున్నారు. పదవ రోజున నిండిన సంచిని, సీలు వేసిన సూదుల సీసాతో సహా, బండి రాగానే మేమే తీసుకెళ్లాము. మన విద్యార్థి తల్లి ఆ రోజు బండి మీద ఉంది. "సలామ్ హజ్రత్, అబ్బాయి బాగున్నాడా?" అంది. బాగున్నాడని, అక్కడి అన్నం అలవాటవుతున్నదని చెప్పాము. ఇంతలో డ్రైవరు సంచి అందుకుని అలవాటు చొప్పున తడి చెత్త మీదకే విసరబోయాడు. "ఆగు, ఆగు" అంటూ ఆమె లాక్కుంది. విప్పి చూసింది, ఒక కవరు తీసి వేళ్లతో రుద్దింది, వాసన చూసింది. మళ్లీ మూతి కట్టి, వెనుక పెట్టకుండా, డ్రైవరు పక్క సీటులో తన అన్నం క్యారియరు దగ్గర పెట్టుకుంది. బండి తరువాతి ఇంటి ముందు ఆగింది.