స్టార్టర్ పైబోల్టు

మాది తిరుత్తణి. మా నాన్న టాక్సీగా నడిపిన 1978 నాటి మార్క్ 3 అంబాసిడర్, పెట్రోలు బండి, ఇప్పటికీ మా ఇంటి ముందే ఉంది. ముచ్చట కోసం ఉంచుకున్నది కాదు. అమ్మను వారం వారం డయాలసిస్‌కి తిరువళ్ళూరు తీసుకెళ్ళేది అందులోనే. రైళ్ళున్నాయి, బస్సులున్నాయి. కానీ డయాలసిస్ చేయించుకుని బయటికి వచ్చిన మనిషికి ప్లాట్‌ఫారం మీద నిలబడే ఓపిక ఉండదు. ఈ బండి వెనక సీటులో అయితే కాళ్ళు ముడుచుకుని ఇంటిదాకా పడుకుంటుంది.

ఆడికృత్తిక పండగ దగ్గర పడుతుండగా స్టార్టర్ మోటారు మొరాయించడం మొదలుపెట్టింది. తాళం తిప్పితే ‘టక్’మనేది, అంతే. పినియన్ పళ్ళు ఫ్లైవీలులో ఇరుక్కున్నాయేమోనని టాప్ గేరులో వేసి బండిని ముందుకీ వెనక్కీ ఊపాను. ఈ పాతరకం స్టార్టర్లకు ఇరుసు చివర నలుచదరపు మొన ఉంటుంది, స్పానర్‌తో దాన్ని తిప్పి చూశాను. లోపల సులువుగానే తిరిగింది. ఇరుక్కోలేదు. బ్రష్షులు అరిగిపోయాయి. మోటారును కిందికి దించక తప్పదు.

దించేదాకా గతి హ్యాండిలే. ముందు బంపరు దగ్గరి కన్నంలో దూర్చి చేత్తో తిప్పాలి. ఇంజన్ ఎదురు తన్నిందంటే మణికట్టు విరుగుతుంది. అందుకే బొటనవేలు పిడికి చుట్టూ వేయకూడదు, మిగతా వేళ్ళ పక్కనే పెట్టాలి, కింది నుంచి పైకి లాగాలి గానీ పైనుంచి కిందికి తొయ్యకూడదు. ఇది నాన్న చెప్పిన పాఠం. అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్‌తో రోడ్డెక్కింది. అప్పటినుంచి లోకం ఈ హ్యాండిలు బాధను మెల్లగా వదిలించుకుంది. నాకు మాత్రం తెల్లవారుజామున, అమ్మ వెనక సీటులో కూర్చుని అద్దంలోంచి చూస్తుండగా, ఆ బాధ తిరిగి వచ్చింది. నాకూ వయసు అరవైకి దగ్గర పడుతోంది.

ఒకరోజు తిరుగు దారిలో, కొండకు కావళ్ళు మోసుకుపోయే జనం మధ్య ఇంజన్ ఆగిపోయింది. హ్యాండిలు తిప్పడానికి చోటు లేదు. పసుపు బట్టల కుర్రాళ్ళు కావళ్ళు పక్కవాళ్ళకిచ్చి, “అరోగరా!” అని అరుస్తూ బండిని తోశారు. రెండో గేరులో క్లచ్ వదిలాను, ఇంజన్ అందుకుంది. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. సూది పొడిచిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇక లాభం లేదు, ఈ వారంలోనే దించెయ్యాలి అనుకున్నాను.

ఊళ్ళో అడిగితే పండగయ్యాక చూద్దామన్నారు. కుర్ర మెకానిక్కులు ఈ బండిని చూసి వెనక్కి తగ్గారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. అంబాసిడర్ చేసిన హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళే 1998 నుంచి మన తిరువళ్ళూరు దగ్గర మిట్సుబిషి లాన్సర్లు తయారుచేశారు. ఇక్కడి పిల్లలు అలాంటి మిల్లీమీటర్ల బండ్ల మీద చెయ్యి తిరిగినవాళ్ళు. అంబాసిడర్‌ది వేరే వంశం. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఒడ్డూపొడుగూ, అక్కడి బీఎంసీ వాళ్ళ 1489 సీసీ ఇంజనూ. బోల్టులన్నీ అంగుళాల లెక్క.

మా ప్రాణం తీసింది ఈ లెక్కే. స్టార్టర్‌ను పట్టి ఉంచేవి రెండు బోల్టులు. కిందిది బండి కిందికి దూరితే అందుతుంది. పైది ఇంజన్‌కు కుడి పక్కన, డిస్ట్రిబ్యూటర్ కింద, లోతులో ఉంటుంది. పైనుంచి చూస్తే కనబడదు, కింది నుంచి చెయ్యి పోదు. దాని తలకు పట్టే స్పానర్ 9/16. అంటే దాదాపు 14.29 మిల్లీమీటర్లు. 14 స్పానర్ ఎక్కదు, 15 ఎక్కి జారుతుంది. ఎప్పుడో ఏదో షెడ్డులో ఎవరో 15 వేసి గుంజి ఆ తల మూలలన్నీ అరగదీసి పెట్టారు. అద్దం ముక్క, టార్చి పెట్టి చూస్తే గుండ్రంగా, తుప్పు పట్టి కనిపించింది.

నగరి నుంచి మామను పిలిచాను. లారీ షెడ్లలో జీవితం గడిపిన మనిషి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణిని చిత్తూరు జిల్లా నుంచి తీసి మద్రాసు రాష్ట్రంలో కలిపారు గానీ, పెళ్ళికైనా చావుకైనా బండి పనికైనా మాకు నగరి పక్క వీధే. మామ వచ్చీరాగానే స్పానర్ పట్టలేదు. ఆ బోల్టును వేలితో తడిమి, “తల ఇరిగిందంటే గేరుబాక్సు దించాల. బలం పెట్టొద్దు, టైము పెట్టు” అన్నాడు.

ముందు బ్యాటరీ తీశాం. చక్రాలకు రాళ్ళు పెట్టి, ముందు భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద నిలిపాం. జాకీని నమ్మి బండి కిందికి దూరేవాణ్ణి మామ తిడతాడు. కింది బోల్టు పెద్దగా ఏడిపించకుండా వచ్చింది. పైదాని మీద తుప్పు వదిలించే నూనె కొట్టి ఆ రాత్రికి వదిలేశాం. వెల్డింగ్ షాపు కుర్రవాడు వచ్చి, మంట పెడితే నిమిషంలో వస్తుందన్నాడు. “పెట్రోలు బండి పక్కన మంటేందిరా” అని మామ వాణ్ణి పంపించేశాడు.

మర్నాడు డిస్ట్రిబ్యూటర్ తీశాం. ప్లగ్గు వైర్లకు వరసగా గుర్తులు కట్టాం. డిస్ట్రిబ్యూటర్‌ను బిగించి పట్టే క్లాంపు జోలికి పోలేదు. క్లాంపు పళ్ళేన్ని బ్లాకుకు పట్టిన చిన్న బోల్టులే విప్పాం. అలా చేస్తే టైమింగ్ చెడదు, తిరిగి కూర్చోబెట్టేదాకా ఇంజన్‌ను మాత్రం తిప్పకూడదు. కన్నంలో చెత్త పడకుండా గుడ్డ కుక్కాం. ఆయిల్ ఫిల్టరు కూడా దించాక, ఇంజన్ పక్కనుంచి స్టార్టర్ వెంబడి ఒక సన్నని దారి కనబడింది. ఎక్స్‌టెన్షన్ రాడ్లు ఒకదానికొకటి తగిలించి ముందు నుంచి పంపితే సాకెట్ నేరుగా బోల్టు తల మీదికి పోతుంది.

చెన్నై పుదుపేటలో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి తెచ్చిన 9/16 సాకెట్ పెట్టాను. తిరిగింది సాకెట్, బోల్టు కాదు. మూలలు లేని తలను ఏ సరైన సైజు పట్టుకుంటుంది? మామ కాసేపు ఆలోచించి 14 సాకెట్ అడిగాడు. ఎక్కదు కదా మామా అన్నాను. “ఎక్కదు కాబట్టే” అన్నాడు. లోపల పన్నెండు పళ్ళది వద్దన్నాడు, ఆరు పలకలదే కావాలన్నాడు. పన్నెండు పళ్ళది మూలల్ని పట్టుకుంటుంది, ఆరు పలకలది చదునైన పక్కల్ని పట్టుకుంటుంది. మిగిలినవి ఆ పక్కలే. సాకెట్‌ను రాడ్డు చివర తగిలించి, బోల్టు తల మీద ఆనించి, ఇటు చివర సుత్తితో కొట్టాడు. నేను కింద పడుకుని సాకెట్‌ను వేళ్ళతో నిలిపి పట్టుకున్నాను. దెబ్బ దెబ్బకూ తుప్పు కళ్ళలో రాలింది. మోచేతి దాకా చర్మం చీరుకుపోయింది. సాకెట్ తల మీద బిగుసుకుని కూర్చుంది. ఆ దెబ్బలకు మరల్లోని తుప్పు కూడా కదిలిందట, మామ లెక్క.

ఇక విప్పుతాడనుకుంటే ముందు బిగించే వైపు తిప్పాడు. వెంట్రుకవాసి. తర్వాత విప్పే వైపు. మళ్ళీ బిగింపు, మళ్ళీ నూనె. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. అమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. తనకు నీళ్ళు కొలిచి తాగాలని డాక్టర్లు చెప్పారు, మాకు మాత్రం చెంబులతో మజ్జిగ పంపించింది. నా చెయ్యి రాడ్డు మీద వణకడం మొదలైంది. ఒక దశలో రాడ్డు మెత్తగా తిరిగినట్టనిపించి గుండె ఆగినంత పనైంది. బోల్టు మెలిపడి తెగబోయే ముందు కూడా అలాగే తిరుగుతుంది. మామ నా చెయ్యి తీయించి తాను పట్టుకున్నాడు. కాసేపటికి ‘కిర్రు’మని మోగింది. “ఊరుకో, అది వచ్చే చప్పుడే” అన్నాడు. ఆ తర్వాత వేళ్ళతోనే ఊడి వచ్చింది.

స్టార్టర్‌ను పట్టుకుని దించుతుంటే ఒక చేత్తో మొయ్యలేకపోయాను. ఇక్కడి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర కొత్త బ్రష్షులూ బుష్షులూ వేయించి, కమ్యుటేటర్ శుభ్రం చేయించాం. పాత బోల్టు పారేసి అదే సైజు కొత్తది వేశాం. అంగుళంలో మూడు ఎనిమిదో వంతు లావు, అంగుళానికి 24 మరలు. మరలకు కాస్త గ్రీసు పూసి బిగించాం. ఆ వారం డయాలసిస్‌కి అమ్మను తాళం తిప్పి తీసుకెళ్ళాను.

అంబాసిడర్లు 2014 మే తర్వాత తయారు కావడం లేదు. ఉన్నవి మన చేతుల్లోనే ఉన్నాయి. ఇలాంటి పాత బండి ఉన్నవాళ్ళకు నా మనవి ఒక్కటే. 9/16 రింగు స్పానర్ ఒకటి కొని డిక్కీలో పెట్టుకోండి. బండిని ఏ షెడ్డుకు ఇచ్చినా అది మెకానిక్ చేతికిచ్చి, దీనితోనే విప్పమని చెప్పండి. స్టార్టర్ నీరసంగా తిరగడం మొదలైనప్పుడే దించి బాగు చేయించండి. పైబోల్టుకు పట్టిన తుప్పు ఏడాదికేడాది గట్టిపడుతుందే తప్ప దానంతట అది వదలదు.