వంకర హ్యాండిల్, మూడు వేల తగ్గింపు

సెకండ్ హ్యాండ్ బైకు హ్యాండిల్ వంకరగా ఉంటే దాని వెనక సాధారణంగా ఉండే కారణాలు మూడు. హ్యాండిల్ రాడ్డు వంగి ఉండాలి. లేదా షాకబ్జర్ పైపులు వాటిని పట్టుకునే టీలో కాస్త తిరిగి ఉండాలి. అదీ కాకపోతే పైపులు గానీ, టీ గానీ, ఛాసిస్ గానీ వంగి ఉండాలి. చూసేవాళ్లకు మూడూ ఒకలాగే ఉంటాయి. బండి తిన్నగా పోతున్నా హ్యాండిల్ మాత్రం ఓ పక్కకు చూస్తుంటుంది. మొదటి రెండూ వందల్లో తేలిపోతాయి. మూడోది వేలు మింగుతుంది. కొనేవారి లాభనష్టాలన్నీ ఈ తేడాను అడ్వాన్సు ఇచ్చేముందు కనిపెట్టడం మీదే ఆధారపడి ఉంటాయి.

బ్లాక్ గెలాక్సీ గ్రానైటుకు పేరుపడ్డ చీమకుర్తిలో ఇలాంటి బళ్లకు కొదవ లేదు. క్వారీలకూ పాలిషింగ్ యూనిట్లకూ షిఫ్టులకు వెళ్లేవారికి బైకు లేనిదే పని సాగదు. కొత్తదానికి డబ్బు చాలనివారు పాతదాని కోసం వాటిని అమ్మే కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతారు. ఒంగోలు–కర్నూలు రోడ్డు మీద బండరాళ్ల లారీల పక్కన, రాతిపొడి తడిసి జారే దారుల్లో, బండి నెమ్మదిగా పోతూ కూడా పక్కకు ఒరిగిపోతుంది. అలా పడిన చిన్న దెబ్బకే పైపులు టీలో తిరిగిపోతాయి. అలాంటి బండిని అమ్మేటప్పుడు అమ్మేవారు ఓ మూడు వేలు తగ్గిస్తామంటారు. "తీసేసుకో, హ్యాండిల్ పట్టి లాగితే తిన్నగా వచ్చేస్తుంది" అని చెప్పే బావమరిదో, బాబాయో ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. చెప్పినంత ధైర్యంగా ఆయన మరమ్మతు బిల్లు ముందు మాత్రం నిలబడడు. కొన్నవారికి ఏళ్ల తరబడి గుచ్చుకునేది బిల్లు కన్నా ఆ ధీమాయే.

ఈ సలహాను లెక్క మీద పెట్టి చూడాలి. అడిగిన ధర 45,000, తగ్గించాక 42,000 అనుకుందాం. ఇక్కడి అంకెలన్నీ ఉదాహరణకే. మోడల్‌ను బట్టి, షాపును బట్టి మారతాయి. పైపులు టీలో తిరిగి మాత్రమే ఉంటే మజూరీ 400. తగ్గింపులో 2,600 మిగులుతుంది. పైపులు వంగి ఉంటే జత పైపులకు 2,400, ఆయిల్ సీళ్లకు 300, ఫోర్క్ ఆయిల్‌కు 250, కోన్ సెట్‌కు 450, మజూరీకి 800, మొత్తం 4,200. అంటే తగ్గింపు పోగా 1,200 నష్టం. ఛాసిస్ కూడా వంగి ఉంటే ఆ 4,200కు బాటమ్ టీ 1,000, ఛాసిస్ సరిచేయించే ఖర్చు 4,000 కలిసి 9,200 అవుతుంది. తిరిగి అమ్మేటప్పుడు మరో 6,000 ధర పడిపోతుంది. 15,200లో నుంచి తగ్గింపు 3,000 తీసేస్తే నష్టం 12,200.

ఇలాంటి పది బళ్లను చూడకుండా కొన్నారనుకుందాం. ఏడింటిలో పైపులు తిరిగి ఉండి, రెండింటిలో వంగి ఉండి, ఒకదానిలో ఛాసిస్ పోయి ఉంటే లాభం 18,200, నష్టం 2,400, 12,200 కలిపి 14,600. మిగిలేది 3,600, అంటే బండికి 360. సలహా గెలిచినట్టే కనిపిస్తుంది. అదే పదిలో ఛాసిస్ పోయినవి రెండై, తిరిగినవి ఆరైతే? లాభం 15,600కు పడిపోతుంది, నష్టం 26,800కు చేరుతుంది. బండికి 1,120 చేతి నుంచి పోతాయి. ఒక్క బండి అటు నుంచి ఇటు మారితే లెక్క మొత్తం తిరగబడుతుంది. ఆ ఒక్కటి ఎవరి ఇంటి ముందుకొస్తుందో కన్సల్టెన్సీ చెప్పదు.

ఇప్పుడు ప్రతి బండికీ 300 ఇచ్చి తెలిసిన మెకానిక్‌తో చూపించారనుకోండి. ఛాసిస్ పోయినవాటిని వదిలేస్తారు. పైపులు వంగినవాటికి ఇంకో 1,200 బేరమాడి లెక్క సమం చేస్తారు. మొదటి సందర్భంలో 18,200 నుంచి పది పరీక్షల ఖర్చు 3,000 పోగా 15,200 మిగులుతుంది, అంటే చూసిన బండికి 1,520. రెండో సందర్భంలో 12,600, అంటే 1,260. మూడు వందల ఖర్చు 360ను 1,520 చేసింది, 1,120 నష్టాన్ని 1,260 లాభంగా మార్చింది.

మరమ్మతుకు అప్పు చేసేవారికి ఇంకో లెక్క ఉంటుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి 9,200 తెస్తే నెలకు 184, ఏడాదికి 2,208. షెడ్డులో బండి ఉన్న రోజుల ఆటో చార్జీలు దీనికి అదనం. మిర్చి, పొగాకు డబ్బు చేతికొచ్చాక తీర్చేద్దామన్న అప్పులు ఏడాది దాటడం పల్లెల్లో కొత్తేమీ కాదు.

పరీక్ష ఎలా చేయాలన్నది అసలు విషయం. బండిని డబుల్ స్టాండ్ మీద నిలిపి ముందు నుంచి చూడాలి. ముందు టైరుకూ రెండు పైపులకూ మధ్య సందు సమానంగా ఉందా, ట్యాంకు మీద హ్యాండిల్ కొట్టుకున్న నొక్కు ఉందా, హ్యాండిల్ లాక్ పడుతోందా, ఫుట్‌రెస్ట్, సైలెన్సర్, బ్రేక్ లివర్ చివర గీతలు ఏ పక్కన ఉన్నాయి అన్నవి పడిన తీరు చెబుతాయి. ఛాసిస్ మెడ కింద, ట్యాంకు దాచే చోట, పెయింటు పగిలినా ముడతపడినా బేరం అక్కడితో ఆపాలి. కొత్త పెయింటు ఆ ఒక్క చోటే మెరుస్తుంటే అనుమానం ఇంకా పెంచుకోవాలి. వెనక చక్రం చెయిన్ అడ్జస్టర్ గీతలు రెండు పక్కలా సమానంగా ఉండాలి. లేకపోతే తప్పు వెనక ఉండగా ముందు వైపు బాగుచేయించినట్టవుతుంది.

పైపు వంపును కనిపెట్టడానికి చీమకుర్తిలో ఒక సౌకర్యం ఉంది. పాలిష్ చేసిన గ్రానైట్ పలక ముక్కలు ఇక్కడ ఊరంతా దొరుకుతాయి. కొలతల ప్రయోగశాలల్లో సమతలానికి వాడే పలకల్లో చాలావి కూడా నల్ల గ్రానైటువే. ఇంటి పలక అంత కచ్చితం కాకపోయినా, విప్పి తుడిచిన పైపును దాని మీద దొర్లిస్తే వంగినది ఎగిరెగిరి పడుతుంది, కింద వెలుతురు కనిపిస్తుంది. చాలా మోడళ్ల మాన్యువళ్లు ఒప్పుకునే వంపు హద్దు 0.2 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. అది దాటితే పైపు మార్చాల్సిందే. లేత్ షాపులో ప్రెస్ మీద లాగిస్తే చౌకే కానీ క్రోమ్ పూత చిట్లి, సీళ్లు తెగి, ఆయిల్ కారడం మొదలవ్వొచ్చు. వేడి చేసి తిన్నగా చేస్తామనేవారి దగ్గర ఆగనే కూడదు. హ్యాండిల్ రాడ్డే వంగి ఉంటే మార్చేయడమే. వెల్డింగ్ పనికిరాదు.

పైపులు తిరిగి మాత్రమే ఉంటే పని అరగంటది. ఇరుసు నట్టు, మడ్‌గార్డ్ బోల్టులు, టాప్ టీ, బాటమ్ టీ బోల్టులు కొద్దిగా వదులు చేయాలి, పూర్తిగా తీయకూడదు. ముందు నుంచి చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టి హ్యాండిల్‌ను తిన్నగా వచ్చేదాకా తిప్పాలి. బ్రేక్ పట్టి ముందు భాగాన్ని నాలుగైదుసార్లు కిందికి నొక్కితే పైపులు తమ చోట కూర్చుంటాయి. తరవాత బాటమ్ టీ, టాప్ టీ, ఇరుసు, మడ్‌గార్డ్ వరసగా, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాలి. బోల్టులు వదులు చేయకుండా చక్రాన్ని స్తంభానికి ఆనించి హ్యాండిల్ లాగడం రోడ్డు పక్క అలవాటు. పని అయినట్టే ఉంటుంది, బిగుతు మాత్రం ఎక్కడుందో తెలియదు. బాగుచేశాక ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి, బ్రేక్ వేసినప్పుడు ఓ పక్కకు లాగుతోందేమో చూడాలి. లాగితే లోపం ఇంకా మిగిలి ఉన్నట్టే.

ఇన్సూరెన్స్ ఈ ఖర్చును మోయదు. థర్డ్ పార్టీ పాలసీ సొంత బండి నష్టానికి వర్తించదు. ఓన్ డ్యామేజీ ఉన్నా, పాలసీ తీసుకోక ముందు జరిగిన దెబ్బకు క్లెయిమ్ రాదు. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే వెళ్తుంది, బండితో రాదు. 

కాగితాల పనిని మరమ్మతు అయ్యేదాకా ఆపేవారు చాలామంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 50 ప్రకారం, అమ్మకం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో బదిలీ సంగతి రవాణా శాఖకు తెలపాలి. ఫారం 29, 30 అందుకే. ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్నవారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చింది. హ్యాండిల్ తిన్నగా ఉన్నా, వంకరగా ఉన్నా గడువు ఆగదు. మెకానిక్‌తో చూపిస్తానంటే ఒప్పుకోని అమ్మకందారుకు అడ్వాన్సు ఇవ్వకండి.