చక్రాల ఇంటికి పెద్దదిక్కెవరు?

డాలస్‌లో ఉండే మా బావకి ఆర్‌వీ కొనాలని కోరిక. బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఇల్లన్నమాట. ఆర్నెల్ల వీసా మీద వెళ్లే అమ్మానాన్నల్ని అందులో తిప్పాలని అక్క ముచ్చట.

పెద్ద కంపెనీదా, చిన్నదా? నెలరోజులు ఫోన్లో ఇదే చర్చ. ఎయిర్‌స్ట్రీమ్, జేకో, కీస్టోన్... పేర్లు వేరైనా మూడూ థోర్ ఇండస్ట్రీస్‌వే. ఫారెస్ట్ రివర్ 2005 నుంచి బర్క్‌షైర్ హాత్‌వేది. వీటికి డీలర్లకు కొదవలేదు. కానీ బావ స్నేహితుడి కొత్త బండి పైకప్పు కారి, ఆరువారాలు డీలరు షెడ్డులోనే ఉండిపోయింది. ఆర్నెల్లలో ఆరువారాలంటే మాటలా?

ఒరెగాన్‌లోని నార్త్‌వుడ్ లాంటి స్వతంత్ర సంస్థ ఛాసిస్ కూడా సొంతంగా చేసుకుంటుంది. గట్టిదే. మరి రిపేరొస్తే? డాలస్‌కి ఒరెగాన్ పక్కవీధి కాదుగా! పైగా చాలా బండ్లలో ఫ్రిజ్, స్టవ్, ఏసీ ఎలాగూ బయటి కంపెనీలవే.

అందుకే బావ బ్రోషర్లు పక్కనపెట్టి సర్వీసు సెంటర్లకు ఫోన్లు చేశాడు. ‘వేరేచోట కొన్న బండిని ముట్టుకుంటారా? ఎన్నాళ్లు ఉంచుకుంటారు?’ కొందరు తమ దగ్గర కొన్నవాళ్లకే ముందు చేస్తామన్నారు.

చివరికి పెద్ద కంపెనీదే తీసుకున్నాడు. పేరు చూసి కాదు, అరగంట దూరంలో ఉన్న మెకానిక్‌ని చూసి!