మగ్గం గుంటలో పిల్లికూనలు

పాలమూరు వైపు పశువుల దవాఖానలో పిల్లికి వరుస దొరకడం కష్టమే. పొద్దున తలుపు తీసేసరికి నట్టల మందు కోసం గొర్రెల మంద గేటు బయట నిలబడి ఉంటుంది. చూడి పరీక్షకు తెచ్చిన బర్రెలు వేపచెట్టు కింద ఉంటాయి. వాటి నడుమ చెప్పుల డబ్బా పట్టుకొని ఓ బడిపిల్ల కనిపిస్తే, మూత తీయకముందే లోపల ఏముందో చెప్పగలను. బదిలీలు నన్ను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ల మధ్యే తిప్పాయి. డబ్బా ఎక్కడైనా ఒకటే, కూనలు దొరికే చోటు మాత్రం ఊరి పనిని బట్టి మారింది. గద్వాలలో మగ్గం గుంట. వనపర్తిలో పల్లీల గోదాములో గోనెసంచుల సందు. నాగర్‌కర్నూల్ పల్లెల్లో గడ్డివాము, లేదంటే ఇంటి మూలకు పోసిన పత్తికుప్ప.

"తల్లి లేదు సారూ" అంటారు రాగానే. ఆ మాట నేను వెంటనే నమ్మను.

పిల్లి తన పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఒక్కొక్క కూననే మెడ దగ్గర పట్టుకొని మోస్తుంది. మధ్యలో మనిషి అలికిడైతే గంటల తరబడి అటువైపు రాదు. సరిగ్గా అప్పుడే మన కంట పడతాయి మిగిలిన రెండు కూనలు. గద్వాలలో ఒక నేత ఇంట్లో ఇదే జరిగింది. కొత్త అచ్చు అతికే పనికని మగ్గం ఆగిన రోజుల్లో, కాళ్లతో తొక్కే పలకల కింద గుంటలో పిల్లి పిల్లలు పెట్టింది. మళ్లీ నేత మొదలై పలకలు కదిలేసరికి దానికి కంగారు పుట్టి కాపురం మార్చడం మొదలుపెట్టింది. ఇద్దరిని తీసుకుపోయింది, ఇద్దరు మిగిలారు. ఆ ఇంటి అవ్వ వాటిని కొంగులో వేసుకొని తెచ్చింది. పట్టి చూస్తే ఒళ్లు వెచ్చగా ఉంది, పొట్టలు నిండుగా ఉన్నాయి. తల్లి పొద్దున్నే పాలిచ్చి పోయిన కూనలవి.

"అవ్వా, వీటిని తీసిన చోటే పెట్టు. ఈ పూట మగ్గం ముట్టకండి. గుంట చుట్టూ కొంచెం జొన్నపిండి పలచగా చల్లు" అన్నాను. మగ్గం ఒక పూట ఆగితే ఎంత పోతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు, అయినా ఆపారు. మర్నాడు అవ్వ ఒట్టి చేతులతో వచ్చింది. "పిండిల అడుగులున్నయ్ సారూ. ఒకదాన్ని ఎత్కపోయింది." సాయంత్రానికి రెండోదీ పోయింది. మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లల్ని ముట్టదన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. పిల్లుల విషయంలో అది దాదాపు ఉత్తదే. కూనలు వెచ్చగా, నిమ్మళంగా పడుకొని ఉంటే కొన్ని గంటలు దూరం నుంచి చూడడమే వైద్యం. ఒళ్లు చల్లబడి, పొట్ట వెన్నుకంటుకుపోయి, అదేపనిగా అరుస్తూ, చీమలు పట్టి ఉంటే మాత్రం ఆగకూడదు.

నిజంగా తల్లి పోయినవీ వస్తాయి. వనపర్తిలో ఉన్నప్పుడు రోడ్డు మీద లారీ కింద పడిన పిల్లి తాలూకు కూనను ఒక కాలేజీ పిల్లవాడు తెచ్చాడు. కళ్లు తెరవలేదు, బొడ్డుతాడు ఇంకా ఎండి వేలాడుతోంది. "పాలు పోసిన సార్, మింగుతలేదు" అని వాడి ఏడుపు. నేను నోట్లో వేలు పెట్టి చూశాను, లోపల కూడా చల్లగా ఉంది. నా వెనక గొర్రెపిల్లతో కూర్చున్న కురుమ పెద్దమనిషి నన్ను అడగనైనా అడగకుండా కూనను అందుకొని, గొంగడి కిందికి, చంకలోకి దోపుకున్నాడు. "ముందు కాక తగలనియ్యి బిడ్డా. సల్లటి కడుపుల పాలు వోస్తే యాడికి పోతయ్?" అన్నాడు.

పశువైద్య కళాశాలలో మాకు చెప్పింది కూడా ఇదే, ఇంత బాగా కాదు. పుట్టిన మొదటి వారంలో కూన ఒంటి వేడి 95 నుంచి 98 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటుంది, పెద్ద పిల్లి కన్నా తక్కువ. వణికి వేడి పుట్టించుకోవడం దానికి ఇంకా రాదు. తల్లి పొట్టే దాని పొయ్యి. 94 కన్నా దిగిందంటే పేగుల కదలిక ఆగిపోతుంది. అప్పుడు పోసిన పాలు అరగవు, లోపలే పులుస్తాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి జారతాయి. నా దగ్గరికి వచ్చి చనిపోయిన కూనల్లో ఆకలితో పోయినవాటి కన్నా, చలిలో పాలు పోయించుకొని పోయినవే ఎక్కువ. బయట 43 డిగ్రీల ఎండ కాస్తుంటే చలేమిటని అడుగుతారు. "పాపం ఉక్కపోస్తుంది" అని కూలర్ ముందు పెట్టేది కూడా వాళ్లే. వేడినీళ్ల సీసాకు బట్ట చుట్టి డబ్బాలో ఒక పక్కనే పెట్టాలి. ఎక్కువైతే కూన రెండో పక్కకు పాక్కుంటూ పోగలగాలి. ఒళ్లు మెల్లగా, గంటా రెండు గంటల్లో వెచ్చబడాలి. పొయ్యి దగ్గర పెట్టి ఒక్కసారిగా కాచినా ప్రమాదమే.

ఇక పాలు. ఇంట్లో ఉండేవి బర్రెపాలు. అవి చిక్కన అని, పసిదానికి అరగవని నీళ్లు కలుపుతారు. అది తిరగబడ్డ లెక్క. పిల్లిపాలలో మాంసకృత్తులు 7 శాతం దాకా ఉంటాయి, బర్రెపాలలో 4, ఆవుపాలలో 3 చిల్లర. అంటే మన పాలు పిల్లికి ముందే పలచన, వాటికి నీళ్లు కూడా కలిపితే కడుపు నిండుతుంది, కండ పట్టదు. పైగా పాలచక్కెర ఎక్కువై విరేచనాలు. కూనల పాలపొడి ఇప్పుడు హైదరాబాదు నుంచి తెప్పించుకోవచ్చు. అది వచ్చేదాకా ఒకటి రెండు రోజులకు చిక్కటి ఆవుపాలలో కోడిగుడ్డు పచ్చసొన గిలకొట్టి, వడగట్టి, గోరువెచ్చగా ఇమ్మంటాను. 100 గ్రాముల కూన కడుపులో ఒక్కసారికి 4 మిల్లీలీటర్లు పడతాయి, చెంచాడు కూడా కాదు. అందుకే మొదటి వారం రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా. ఈ మాట చెప్పగానే డబ్బా తెచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

పట్టే తీరులో ఇంకో చిక్కుంది. మన ఇళ్లలో అమ్మమ్మలు కాళ్లు చాపుకొని, పసిపిల్లను వెల్లకిలా వేసుకొని ఉగ్గుగిన్నెతో పోస్తారు. కూననూ ప్రేమగా అట్లాగే పడుకోబెడతారు. కూన వెల్లకిలా పాలు తాగదు. తల్లి దగ్గర బోర్లా ఉండి, ముందుకాళ్లతో పొట్టను పిసుకుతూ తాగుతుంది. తిప్పి పోస్తే ముక్కులోంచి పాల బుడగ వస్తుంది, మూడో రోజుకు నిమ్ము. చదువుకున్న ఇళ్లలోనే ఇది ఎక్కువ చూశాను.

నాగర్‌కర్నూల్‌లో ఒక టీచరమ్మ తెచ్చిన కూన ఇవన్నీ దాటి వచ్చింది. పాలు సరైనవే, పట్టే తీరు సరైనదే, డబ్బా వెచ్చగానే ఉంది. కాని పొట్ట డోలులా బిగిసి ఉంది, ముడితే చాలు అరుస్తోంది. "ఒంటికి పోస్తోందా?" అంటే "అసలు తడే చేయదు సార్, చాలా శుభ్రం" అని ముచ్చటగా చెప్పింది. గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి, తోక కింద తల్లి నాలుకలాగా మెల్లగా రాశాను. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత దూది పసుపు రంగుకు తిరిగింది, ఇంకో దూది, ఇంకొకటి. పొట్ట నా వేళ్ల కింద మెత్తబడింది. దాదాపు మూడు వారాల దాకా కూనకు తనంతట తాను ఉచ్చ, దొడ్డి రావు. తల్లి నాకితేనే వస్తాయి. ప్రతిసారి పాలు పట్టాక ఈ పని మనమే చేయాలి. టీచరమ్మ అంతా విని "ఇది ఏ పుస్తకంలోనూ లేదే" అంది. ఉంది, మాకు పరీక్షలో కూడా వచ్చింది.

బతుకుతోందో లేదో తెలియాలంటే తూకం చూడాలి. పుట్టినప్పుడు 100 గ్రాములకు అటూ ఇటూ, ఆపైన రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. కిరాణా కొట్టు కాటా ఇంత సన్న తేడా పట్టదు. అందుకని గద్వాలలో ఒక పాపను బంగారం దుకాణానికి పొమ్మన్నాను. ఆ దుకాణదారు నవ్వుకుంటూనే రోజూ తూచి, చీటీ మీద అంకె రాసి ఇచ్చేవాడట.

అన్నీ చేసినా కొన్ని పోతాయి. పుట్టిన మొదటి 16 గంటల్లోపు తాగిన జున్నుపాలతోనే తల్లి రక్షణ చాలావరకు పేగుల గుండా రక్తంలోకి వెళ్తుంది, ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. ఆ పాలు అందని కూనకు చిన్న జబ్బు కూడా పెద్దదే. పిల్లలతో వచ్చినవాళ్లు "బతుకుతది అని చెప్పండి సార్" అని కళ్లతో సైగ చేస్తారు. నేను చెప్పను. రాత్రంతా లేచి పాలు పట్టే పిల్లకు నిజం తట్టుకునే శక్తి కూడా ఉంటుంది.

నెల నిండాక మెత్తటి తిండి అలవాటు చేయాలి. పాలూ అన్నంతోనే పెంచుతామనే శాకాహార ఇళ్లు ఉన్నాయి. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోనే రావాలి, అది మాంసం, చేపలలో ఉంటుంది. అది లేక పిల్లుల గుండె సాగి పాడవుతుందని 1987లో అమెరికాలో పాల్ పియాన్ బృందం తేల్చింది. కోడిమాంసం ఇంట్లో వండలేమంటే ఆ కూనను వేరే ఇంటికి ఇవ్వడం మేలు. తర్వాత నట్టల మందు, రెండో నెలలో మొదటి టీకా, మూడో నెల నిండాక పిచ్చికుక్క వ్యాధి టీకా.

ఇంత చాకిరీ తప్పే దారి ఒకటి వనపర్తి గోదాములో హమాలీలు చూపించారు. ఏ పిల్లి ఏ బస్తాల వెనక ఎప్పుడు పిల్లలు పెట్టిందో వాళ్లకు లెక్క ఉంటుంది, ఎలుకలతో వేగేది వాళ్లే కదా. లారీ కింద తల్లి పోయిన ఆ కూన గొంగడిలో వెచ్చబడి, చెవులు కదిలించి, మధ్యాహ్నానికి రెండు చుక్కలు మింగాక, కాలేజీ పిల్లవాణ్ణి గోదాముకు పంపాను. హమాలీ ఒకాయన బాలెంత పిల్లి పడుకున్న గోనెపట్టాతో దాన్ని ఒళ్లంతా రుద్ది, తల్లి తిండికి పోయినప్పుడు దాని పిల్లల మధ్యలో దూర్చాడు. అది తిరిగొచ్చి వాసన చూసి, అన్నిటితో పాటు దీన్నీ నాకింది. ఎదుటి పిల్లి ఆరోగ్యంగా ఉందో లేదో చూసుకోవాలి, అందరు తల్లులూ ఒప్పుకోరు, నిజమే. కాని పాలు, వేడి, నాలుక మూడూ ఒకే చోట దొరికేది అక్కడే. ఇప్పుడు డబ్బా మూత తీసి, కూన చల్లగా లేదని చూసుకున్నాక, "మీ వాడకట్టుల ఈ మధ్య పిల్లలు పెట్టిన పిల్లి ఉన్నదా?" అనే అడుగుతాను. సగం సార్లు ఉంటుంది. కూనను తెచ్చినవాళ్లకు కాదు, వాళ్ల పక్కింటి ముసలమ్మకు తెలుస్తుంది.