పథ్యం చెప్పేవారు

పథ్యం అన్న మాట తెలియని తెలుగిల్లు ఉండదు. బాలింతకు ఒక పథ్యం, జ్వరపడి లేచినవారికి మరొకటి. వైద్యుడు మందు పొట్లంతో పాటు తినవలసినవీ మానవలసినవీ చెప్పేవాడు. ఇంటి ఆడవారు వండి పెట్టేవారు. ఆహారం చెప్పడానికి వేరే మనిషి ఉండాలన్న ఆలోచన మనకు ఆలస్యంగా వచ్చింది. చైనాలో మాత్రం అది పాతదే. ‘జౌ లీ’ అనే ప్రాచీన గ్రంథం రాజాస్థానపు వైద్యులను నాలుగు తెగలుగా చెప్తూ ఆహారవైద్యుణ్ణి అందరికన్నా ముందు పేర్కొంటుంది.

మన చరకసంహిత కూడా తక్కువేమీ తినలేదు. విమానస్థానం మొదటి అధ్యాయం ఆహారం విషయంలో ఎనిమిది సంగతులు చూడమంటుంది: పదార్థ స్వభావం, వండే తీరు, దేనితో కలుపుతున్నాం, ఎంత, ఏ ప్రాంతం, ఏ కాలం, తినే నియమం, చివరికి తినే మనిషి. వీటిలో మనకు గట్టిగా గుర్తున్నది మొదటిదే: ఇది వేడి, అది చలువ. ‘ఎంత’, ‘ఎవరికి’ అన్నవి ఎప్పుడో జారిపోయాయి.

జారిపోతే ఏమవుతుందో మా నాయన విషయంలో చూశాను. ఆయనకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తెలిసిన వారంలోనే చుట్టాలు పథ్యాలు మోసుకొచ్చారు. చలువని కొబ్బరిబోండాలు, బలమని అరటిపండ్లు. మంచి మనసుతో తెచ్చినవే. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ. చెడిన మూత్రపిండాలు దాన్ని సరిగా బయటికి పంపలేవు. రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. పదిమందికి చలువ చేసేది ఆయన ప్రాణం మీదికి తేగలదు.

ఆసుపత్రిలో డైటీషియన్ చిన్న వయసు అమ్మాయి. పట్టిక చేతిలో పెట్టి పంపేయలేదు. “పెద్దయ్యా, ఇంట్లో రోజూ ఏం తింటారు?” అని అడిగింది. సంగటి, పుల్లగూర, చెనిక్కాయల చట్నీ అన్నాడు నాయన. సంగటి ముద్ద ఎంత ఉండాలో పిడికిలి చూపించి చెప్పింది. ఆకు తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చి ఎనుపుకోమంది. పొటాషియం కొంత నీళ్ళతోనే పోతుంది. చట్నీ మాన్పించింది, బోండాలు ఆపించింది. “డైట్ అనుకోవద్దు, ఇది మీ పథ్యం” అంది. ఎవరి మాటా వినని నాయన ఆ ఒక్క మాటకు తల ఊపాడు.

ఆ అమ్మాయికి చరకుడు తెలుసో లేదో నేనడగలేదు. ఆమె చూసినవి మాత్రం ఆ ఎనిమిదింటిలోవే: ఎంత, ఎలా వండాలి, ఎవరికి.

తిరుపతిలో 1983లో మొదలైన దేవస్థానం వారి ఆయుర్వేద కళాశాల ఉంది. ఆధునిక వైద్యానికి స్విమ్స్ ఉంది. ఆ 1983లోనే పుట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో గృహవిజ్ఞాన శాఖ ఉంది. అన్నీ ఒకే ఊళ్ళో. రోగి ఉదయం ఒక గడపా సాయంత్రం ఒక గడపా తొక్కుతాడు; ఇంటికొచ్చాక తినేది మాత్రం ఒకే కంచంలో. రెండు చోట్లా చెప్పిన పథ్యాలను ఆ కంచం దగ్గర సరిచూసే మనిషి కావాలి. ఆ పని డైటీషియన్‌ది. మనం చేయవలసిందల్లా, ఒక చోట చెప్పింది రెండో చోట దాచకుండా చెప్పడం.